ముత్యాల పేరు

అమ్మ సంవత్సరీకాలు ముగిసిన మరునాడు అక్కయ్య, నేను ఇనుప బీరువా తెరిచాము. పంపకం కొత్తగా చేసుకోవలసినది కాదు. బంగారు చంద్రహారం అక్కయ్యకు, ముత్యాల పేరు నాకు అని అమ్మ ముందే చెప్పిపోయింది. అక్కయ్య చంద్రహారాన్ని చేతిలోకి తీసుకుని, నా ఒడిలో ఉన్న ఎర్ర మఖమలు పెట్టె వైపు చూసింది.

"నాకు హారం వద్దని కాదు చెల్లె. కాని బసరా ముత్యాలంటే ఇప్పుడు లక్షల మీద ఉన్నవట. మా కోడలు ఫోనులో చూసి చెప్పింది. ఒక్కసారి వెల కట్టించు. నీ మనసులో, నా మనసులో ఏమీ ఉండదు" అన్నది.

ఆ మాటలో దోషం లేదు. అయినా నా మనసు చివుక్కుమన్నది. నేను ఎన్నడూ ఆ పేరును వెల గల వస్తువుగా చూడలేదు. అది మా ఇంటి ఇతిహాసం. మా తాతయ్య హైదరాబాదులో ఒక దేవిడీలో లెక్కలు వ్రాసే ఉద్యోగి. 1937లో నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవాలు జరిగిన రోజులలో, ఆయన నమ్మకమైన కొలువును మెచ్చి యజమాని ఆ పేరును బహుకరించాడని అమ్మమ్మ చెప్పేది. డెబ్బై మూడు ముత్యాలు, ఒక్కటే సరం. మెడ వెనుక పట్టుతాడు. చివరల చిన్న ముత్యాలతో మొదలై, నడుమకు వచ్చేసరికి బఠానీ గింజంత అవుతాయి. అమరకోశం ఒంటి పేటను ఏకావళి అన్నది. ఇరవై యేడు ముత్యాలుంటే దానినే నక్షత్రమాల అన్నది. చిన్ననాడు మా పేరులో ఇరవై యేడు ఎందుకు లేవని నేను బాధపడిన మాట నిజం.

ఇక్కడ ఒక చిన్న మాట. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ను పాఠంగా చెప్పే రోజున, ఆ పేరులో ముత్యం ఉన్నదని ఎవరో ఒక విద్యార్థి తప్పక అంటాడు. లేదు. ‘ఆముక్త’ అంటే ధరించిన. తాను ధరించిన మాలను స్వామికి ఇచ్చినది ఆముక్తమాల్యద. ముత్యానికి సంస్కృతంలో ‘ముక్తా’ అని పేరు. విడువబడినది, అనగా చిప్ప విడిచినది, అని వ్యుత్పత్తి చెబుతారు. తమిళంలో ముత్తు, తెలుగులో ముత్తెము ఉన్నాయి కనుక సంస్కృతమే దక్షిణాది మాటను సంస్కరించి తీసుకున్నదని వాదించే పండితులూ ఉన్నారు. మాట పుట్టుక దగ్గరనే ఇంత తగవు ఉన్నప్పుడు, ముత్యం పుట్టుక తేల్చడం సులభమని నేనెట్లా అనుకున్నానో తెలియదు.

మొదట పోయిన దుకాణంలో పని నిమిషంలో అయిపోయింది. అక్కడి యువకుడు ఒక ముత్యాన్ని ముందరి పంటికి రుద్దుకుని, "గరుకుగా ఉంది మేడం, అసలు బసరా" అని ఒక ధర చెప్పాడు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగవేస్తే గాని ఆ పరీక్ష విలువ నాకు అర్థం కాలేదు. గాజుతో, ప్లాస్టిక్‌తో చేసిన నకిలీ ముత్యం పంటికి నున్నగా తగులుతుంది. చిప్పలో పెరిగిన ప్రతి ముత్యమూ గరుకుగానే తగులుతుంది. అది వందేళ్ల క్రితం సముద్రగర్భంలో తనంతట తాను పుట్టినా, నిరుడు చెరువులో మనిషి పెంచినా పంటికి భేదం లేదు. కాగితం మీద వ్రాసి ఉన్నది గనుక ఇది పోతన పద్యమే అన్నట్లున్నది ఆ తీర్పు.

రెండవసారి పత్తర్‌గట్టీకి పోయాను. చార్మినారుకు ఉత్తరంగా రాతి కమానుల వరుస కింద ఉన్న ఆ బజారులో ముత్యాల వ్యాపారం తరతరాలది. నన్నొక పాత దుకాణానికి మా సహోద్యోగి పంపాడు. యజమాని డెబ్బై దాటిన మనిషి. పేరును చూడగానే ఆయన ధర చెప్పలేదు. తెల్ల గుడ్డ పరచి, పేరును దాని మీద చాపి, కిటికీ వెలుతురు పడేటట్లు జరిపి, చాలాసేపు ఊరకే చూశాడు. ఆ పిమ్మట, "ఏమి తెలుసుకోవాలని వచ్చారమ్మా?" అని అడిగాడు.

"వయస్సు, పుట్టిన చోటు" అన్నాను.

"ఎవరి వయస్సు? ముత్యం వయస్సు వేరు, బెజ్జం వయస్సు వేరు, దారం వయస్సు వేరు."

ఈ మాట నన్ను పట్టి నిలిపింది. తాళపత్ర గ్రంథాల మీద పనిచేసిన వారికి ఇది తెలిసిన సంగతే. కావ్యం రచింపబడిన కాలం ఒకటి, మన చేతిలోని ప్రతి వ్రాయబడిన కాలం మరొకటి, ఆ ఆకులకు త్రాడు కట్టిన కాలం ఇంకొకటి. నన్నయ భారతానికి నిన్న కొత్త త్రాడు కట్టినంత మాత్రాన అది నిన్నటిది కాదు. ఆభరణాన్ని చూసి దాని కాలం చెప్పేవారు సాధారణంగా కొలికిని, బంగారపు పనిని, రాళ్లు పొదిగిన తీరును ఆధారం చేసుకుంటారు. మా పేరులో ఆ ఆధారాలు తక్కువ. కొలికి లేదు. పట్టుతాడు ఎన్నిసార్లు మారినదో అమ్మకే తెలియాలి. మిగిలినవి ముత్యాలు, వాటి బెజ్జాలు.

ఆయన దారం విప్పడానికి నా అనుమతి అడిగాడు. నాకు గుండె ఝల్లుమన్నా తల ఊపాను. ఒక్కొక్క ముత్యాన్నీ వరస తప్పకుండా గాడులున్న పలక మీద పేర్చి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దాన్ని నా చేతికిచ్చి, "బెజ్జం అంచు చూడండి" అన్నాడు.

ముందుగా ‘బసరా’ అన్న మాటకు అర్థం చెప్పాలి. బసరా ఇరాకులోని రేవుపట్టణం. ముత్యాలు అక్కడ పుట్టవు. బహ్రెయిన్, కువైట్ మొదలైన తీరాల దగ్గర, పర్షియా సింధుశాఖలో, ఊపిరి బిగబట్టి మునిగిన గజ ఈతగాళ్లు చిప్పలు తెచ్చేవారు. బసరా మీదుగా బేరం జరిగి బొంబాయి చేరినందువలన ఆ ముత్యాలకు రేవు పేరు నిలిచింది. మన బందరు అద్దకాలన్నీ బందరులోనే అద్దినవి కానట్లే ఇదీను. సింధుశాఖ ముత్యాల పేరు చాలా పాతది. వరాహమిహిరుడు బృహత్సంహితలో ముత్యాలు దొరికే ఎనిమిది చోట్లను చెబుతూ, పారశవ దేశపు ముత్యాలు కాంతి గలవి, తెల్లనివి, బరువైనవి అన్నాడు. ఆయన చెప్పిన పుట్టుకలు కూడా ఎనిమిదే. వాటిలో ఏనుగు, పాము, వెదురు, మేఘం ఉన్నాయి. వాటిని కవులకు వదిలివేద్దాం. అబూధాబీకి చెందిన మరవా ద్వీపంలో దొరికిన ముత్యం దాదాపు ఎనిమిది వేల ఏండ్ల నాటిదని 2019లో ప్రకటించారు. మన తీరానికీ ముత్యాల వర్తకం కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి శాసనంలో సుంకం వేసిన సరకులలో ముత్యాలు కూడా ఉన్నాయి.

స్వాతికార్తెలో పడిన వానచినుకు చిప్పలో ముత్యమవుతుందని మన కావ్యాలు చెబుతాయి. వాస్తవానికి చిప్పలోని మెత్తని పొరకు గాయమై, దానిలోని కణాలు లోనికి చొచ్చుకుపోయినప్పుడు, వాటి చుట్టూ సున్నపు పదార్థం పొర మీద పొరగా పేరుకుంటుంది. సహజమైన ముత్యం నడుమ నుంచి అంచు దాకా ఉల్లిగడ్డ వలె పొరలే. ఆ గాయాన్ని మనిషే చేయవచ్చునని జపానులో కనిపెట్టారు. కోకిచి మికిమోతో 1893లో అర్ధగోళాకారపు ముత్యాన్ని సాధించాడు. గుండ్రని ముత్యానికి దారి తీసిన కృషిలో నిషికావా, మిసె అనే మరి ఇద్దరి పాత్ర ఉన్నది. మికిమోతోకు దాని మీద 1916లో పేటెంటు లభించింది. మంచినీటి ఆలిచిప్ప పెంకును గుండ్రని పూసగా చెక్కి, సముద్రపు చిప్పలో నాటితే, చిప్ప ఆ పూస మీద పలుచని పొరలు కప్పుతుంది. పైకి ముత్యమే, లోపల పెంకు పూస. దీనినే ‘కల్చర్డ్’ ముత్యం అంటున్నాము. ఇది నకిలీ కాదు. కాని సహజమూ కాదు. 1920ల నాటికి ఇవి ఐరోపా విపణికి చేరాయి. కనుక అంతకు ముందే గుచ్చి మళ్లీ ముట్టని పేరులో ఇవి కనిపించవు.

ఈ పూస లోకాన్ని ఎంత కుదిపినదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1917లో న్యూయార్కు నగరంలో, ఫిఫ్త్ అవెన్యూ మీద ఉన్న ఒక భవనాన్ని కార్టియర్ వర్తకులు వంద డాలర్లకు, ఒక రెండు పేటల ముత్యాల హారానికి కొన్నారు. హారం వెల పది లక్షల డాలర్లు. 1957లో అదే హారం లక్షన్నర డాలర్లకు అమ్ముడుపోయింది. నడుమ జరిగినది జపాను ముత్యమే. 1929 నాటి ఆర్థిక మాంద్యం, 1932లో బహ్రెయిన్‌లో బయటపడిన చమురు సింధుశాఖ ముత్యపు వేటను చాలావరకు మాన్పించాయి. కొత్తగా రావడం తగ్గినందువలననే పాతవాటికి మళ్లీ గిరాకీ పుట్టింది. బరోడా రాజవంశపు అరవై ఎనిమిది ముత్యాల రెండు పేటల హారం 2007లో డెబ్బై లక్షల డాలర్లకు పైగా పలికింది. మా అక్కయ్య కోడలు ఫోనులో చూసినవి ఇటువంటి వార్తలే.

బెజ్జం దగ్గరకు వస్తాను. సహజ ముత్యపు వర్తకులు ధరను బరువుకు కాక, బరువు వర్గానికి కడతారు. ఒక ముత్యం రెండవదానికి రెట్టింపు తూగితే వెల నాలుగింతలు. హైదరాబాదు, బొంబాయి బజారులలో ‘చవ్’ అన్న లెక్క దీని మీదనే నడుస్తుంది. ఇట్టి సరకుకు బెజ్జం వేసేవాడు పిసరంత పొడి కూడా రాల్చడానికి ఒప్పుకోడు. పూర్వం చేతి విల్లుతో సన్నని సూదిని త్రిప్పుతూ, రెండు వైపుల నుంచీ బెజ్జం వేసి నడుమ కలిపేవారు. అందువలన పాత సహజ ముత్యపు బెజ్జం సూదిమొనంత సన్నగా ఉంటుంది. ఒక్కొక్కసారి నడుమ కొద్దిగా వంకర పోతుంది. యంత్రం వేసిన బెజ్జం తిన్నగా, ఒకే వెడల్పున, కొంచెం పెద్దదిగా ఉంటుంది. ఏండ్ల తరబడి దారం ఒరిసి, చెమట తగిలి, పాత ముత్యం బెజ్జం చుట్టూ అరిగిపోయి, క్రమంగా పీపా ఆకారానికి తిరుగుతుంది. ముత్యం మెత్తని వస్తువు. పులుసు పదార్థం తగిలినా కరుగుతుంది. అందుకే నగలలో అన్నిటికన్న ముందుగా ముసలిదయ్యేది అదే.

మొదట కుడి కొసను చూశాను. సన్నని బెజ్జాలు, అరిగిన అంచులు, మీగడ వంటి రంగు. ఎడమ కొస కూడా అట్లే ఉన్నది. నడుమకు వచ్చాను. బెజ్జం పెద్దది, అంచు పదునుగా ఉన్నది. గోడలో కొంచెం లోపల, నల్లని గీత ఒకటి చుట్టుకుని ఉన్నది. పైపొర ముగిసి పూస మొదలయ్యే చోట అటువంటి గీత పడుతుందట. పెద్దాయన ఆ ముత్యాన్ని పట్టకారుతో పట్టి చిన్న దీపం ముందు మెల్లగా త్రిప్పాడు. ఒక కోణంలో ముత్యం లోపల చారలు కదిలి, మరుక్షణం మాయమయ్యాయి. లోపలి పెంకు చారలవి.

"ఇది జపానుది. దీని పక్కది కూడా" అన్నాడు.

మేమిద్దరం సాయంత్రం దాకా లెక్కపెట్టాము. నడుమన ఉన్న ఇరవై మూడు ముత్యాలు కల్చర్డ్‌వి. చుట్టూ ఉన్న యాభై సహజమైనవి. ఆయన కంటికి అవి సింధుశాఖవి. రజతోత్సవాల నాటికే పాతవి అయి ఉండవచ్చునన్నాడు. అంటే అమ్మమ్మ చెప్పిన కథకు ముత్యాలు అడ్డు చెప్పడం లేదు.

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. నా పరిశోధనంతా ప్రక్షిప్తాల మీదనే జరిగింది. ఒక కావ్యంలో తరువాతి కాలపు చేయి చేర్చిన పద్యాలను ప్రక్షిప్తాలంటాము. ఛందస్సులో, వ్యాకరణంలో, పదాల పోకడలో వాటిని పట్టుకోవడమే నేను పదేండ్లు నేర్చిన విద్య. సాధారణంగా ప్రక్షిప్తాలు మూలం కన్న బలహీనంగా ఉంటాయని మేము చెబుతుంటాము. కాని నా పెళ్లిలో అందరూ తాకి తాకి చూసి, "బసరా మెరుపంటే ఇదీ" అన్నది ఈ నడిమి ఇరవై మూడింటినే! ఒక్క ముత్యాన్ని చూసి శాస్త్రం తెలిసినట్లు మాట్లాడిన ఆ పెద్దలలో నేనూ ఒకతెను.

పెద్దాయన సలహా మీద వాటిని ఒక రత్నపరీక్షా శాలకు పంపాను. కన్ను ఎంత అనుభవం గలదైనా, ఎక్స్‌రే చూడనిదే తుది మాట చెప్పరాదని ఆయనే అన్నాడు. జపాను చిప్ప, సింధుశాఖ చిప్ప దగ్గరి చుట్టాలు కావడం చేత పై తళుకు చాలాసార్లు మోసం చేస్తుందట. ఎక్స్‌రే చిత్రంలో సహజ ముత్యం చెట్టు మొద్దు కోత వలె వలయాలు వలయాలుగా కనిపించింది. కల్చర్డ్ ముత్యంలో నిండైన గుండ్రని పూస, దాని చుట్టూ సన్నని అంచు. లెక్క మారలేదు: యాభై, ఇరవై మూడు. ముత్యం నుంచి కొన్ని మిల్లీగ్రాముల పొడి తీసి, దానిలోని కర్బనాన్ని బట్టి కాలం కట్టే పద్ధతి కూడా ఇప్పుడున్నది. స్విట్జర్లాండులో ఆ పరీక్ష చేస్తున్నారు. 1950ల తరువాతి అణుపరీక్షల వలన గాలిలో, నీటిలో రేడియో కర్బనం పెరిగింది గనుక, ఆ తరువాత పెరిగిన ముత్యాలు అందులో బయటపడతాయి. నాకు అంత దూరం పోవలసిన పని కలుగలేదు. కాలనిర్ణయానికి కావలసిన ఆధారాలు మా ఇంటిలోనే ఉన్నాయి.

అక్కయ్య పెళ్లి 1983లో జరిగింది. ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో ప్యాసయిన ఏడాది అది. డిగ్రీలో చేరుతానని అన్నం మానివేసింది. మంచి సంబంధం మళ్లీ రాదన్నారు. నా పెళ్లి 1994లో. రెండు పెళ్లిళ్లలోనూ ఈ పేరే వేశారు. రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి అదే భూతద్దంతో చూశాను. అక్కయ్య మెడలో, నడిమి ముత్యం నిమ్మకాయ వలె కొంచెం కోలగా ఉన్నది. నా మెడలో అది పూర్ణబిందువు వలె గుండ్రం. గ్రంథకాలాన్ని నిర్ణయించేటప్పుడు ఎగువ హద్దు, దిగువ హద్దు అంటాము. నాకు రెండు హద్దులూ దొరికాయి.

అమ్మ పద్దుల పుస్తకాలు బియ్యపు డబ్బా మీద వరుసగా ఉంటాయి. 1989 నాటి నల్ల అట్ట పుస్తకాన్ని నేను అంతకు ముందే ఒకసారి చదివాను. నాన్నగారు పోయి అప్పటికి మూడేండ్లు. ఆ జూలైలో నేను ఎం.ఎ. చదవడానికి హైదరాబాదు చేరాను. డబ్బు మామయ్య సర్దాడని అమ్మ చెప్పింది. ఆ పుటలో "ము. 23" అని ఉంటే, ‘ముడుపు’ అని చదువుకున్నాను. నాకు సీటు రావాలని అమ్మ యాదగిరిగుట్ట నరసింహస్వామికి ముడుపు కట్టిన సంగతి నాకు తెలుసు. కింద "జ. ము. 23" అన్నదానికి అర్థం తోచక వదిలివేశాను. విద్యార్థులు ఇట్లా చేస్తే నేను మార్కులు తగ్గిస్తాను. ముడుపైతే ఖర్చు వరుసలో ఉండాలి కదా! "ము. 23" ఉన్నది జమ వరుసలో. ఎదురుగా 9,200 రూపాయలు. ఖర్చు వరుసలో "జ. ము. 23" ఎదురుగా 1,150. దాని కింద ఫీజు, హాస్టలు, సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు, ట్రంకుపెట్టె.

జపాను ముత్యాలు ఇరవై మూడు.

అమ్మకు వర్గపు లెక్క ఎవరు చెప్పారో తెలియదు. కొసల చిన్నవి అమ్మితే ఎక్కువ రాదని గ్రహించి, నడిమి పెద్దవాటినే అమ్మింది. పేరు బోసిపోతే చుట్టాలు ముత్యాలు అమ్ముకున్నారంటారని, అక్కయ్య అత్తవారింట మాట వస్తుందని, మెరుపు తగ్గకుండా కొత్తవి గుచ్చించింది. నా మొదటి జీతంతో మామయ్యకు పంచెల చాపు కొనిపెట్టి, నా చదువు మీ చలవేనని కాళ్లకు దండం పెట్టాను. ఆయన నన్ను కాదు, అమ్మను చూశాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లింది. ఆ తరువాత ప్రతి దసరాకూ ఆయనకు పంచెలు పంపాను. పాపం, ఆయన పోయేదాకా కట్టుకున్నాడు.

ఇక అక్కయ్యకు చెప్పాలి. వెల మాత్రం చెప్పి ఊరుకోవచ్చును. పరీక్షా శాల కాగితంలో సంఖ్యలే ఉన్నాయి. పద్దు పుస్తకం సంగతి అందులో లేదు. ఆమెను పదవ రోజుకు వంటింట నిలబెట్టిన ఇంటిలో, ఆరేండ్ల తరువాత నా చదువు కోసం తాతల నాటి ముత్యాలు అమ్మారన్న మాటను, అరవై నిండబోతున్న ఆమె చెవిన వేయడం అవసరమా అని రెండు రాత్రులు ఆలోచించాను. మూడవనాడు ఫోను చేసి, పద్దులోని అంకెలతో సహా అంతా చదివి వినిపించాను.

అవతల చాలాసేపు చప్పుడు లేదు. కుక్కర్ కూత వినిపించింది. దించి వచ్చినట్లున్నది.

"అంటే నా పెళ్లిల నేను ఏసుకున్నయి అన్నీ అసలువే కదా?" అని అడిగింది.

"అన్నీ అసలువే అక్కా."

"ఆ నడిమి కోలముత్యం నాకు యాదికున్నది. బొటువు తీరుగ గుచ్చుకునేది" అని ఫోను పెట్టివేసింది.

యాభై సహజ ముత్యాలను అక్కయ్య తీసుకోవాలని, ఇరవై మూడు నాకు ఉంచాలని నేను ఉత్తరం వ్రాశాను. ఫోనులో ఆ మాట నాకు రాలేదు. ఆమె జవాబు వ్రాయలేదు. సంక్రాంతికి వచ్చింది. భోజనాలైన తరువాత, "ఏవీ, తియ్యి" అన్నది. పెద్దాయన తాత్కాలికంగా గుచ్చి ఇచ్చిన దారాన్ని తానే కత్తిరించి, ముత్యాలను ఇత్తడి తాంబాళంలో పోసింది. అన్నీ కలిసిపోయాయి. నేను అయ్యో అనబోయాను. "నువ్వు చెప్పకు" అని, కిటికీ దగ్గర కూర్చుండి, ఒక్కొక్కటే ఏరి రెండు కుప్పలుగా పెట్టింది. చివర నన్ను పిలిచింది. భూతద్దంతో చూశాను. నాలుగు తప్పులు.

"ఎట్ల చూస్తున్నవు? నాకు చెప్పు" అని అద్దం నా చేతి నుంచి తీసుకున్నది.

బెజ్జం అంచు, నల్లని గీత, దీపం ముందు త్రిప్పితే కదిలే చారలు, అన్నీ చెప్పాను. తరగతిలో చెప్పినట్లే చెప్పానేమో, మధ్యలో ఒకసారి నవ్వింది. మళ్లీ అన్నీ కలిపివేసి మొదటి నుంచి ఏరడం మొదలుపెట్టింది. పొద్దు వాలింది; దీపం పెట్టాను. ఈసారి ఒక్కటీ తప్పలేదు.